రికార్డుల నుంచి తొలగించినవి

సంతాప తీర్మానానికి ఒక పేజీ చాలన్నారు కార్యదర్శి.
పుట్టిన తేదీ, చదువు, గెలిచిన ఏళ్ళు, చూసిన శాఖలు.
చివర్లో "ఈ సభ ఒక నిబద్ధ సేవకుణ్ణి కోల్పోయింది" -
ఆ వాక్యం ముందే టైపు చేసి ఉంటుంది,
పేరు దగ్గర మాత్రం ఖాళీ.

ఖర్గేశ్వర్ కుతుం.
పుట్టిన ఊరు: కొహువా చాపొరి.
కంప్యూటరు ఒప్పుకోలేదు.
జిల్లా జాబితాలో అలాంటి ఊరే లేదంది.
నిజమే, లేదు.
ఇరవై ఆరేళ్ళు దిస్పూర్ సభలో కూచుని
ఆయన మాటల్ని షార్ట్‌హ్యాండ్ గీతల్లోకి దించినదాన్ని,
ఎప్పుడు లేకుండా పోయిందో నాకు తెలుసు:
ఆయన జలవనరుల మంత్రిగా ఉన్న పదకొండు నెలల్లో
ఏడో నెల.

మొదటిసారి గెలిచొచ్చినప్పుడు
భుజాన గమోసా, కాళ్ళకు కొత్త బూట్లు.
అవి కరుస్తుంటే బల్ల కింద విప్పేసి
వట్టికాళ్ళతో లేచాడు.
"అధ్యక్షా, మా నియోజకవర్గంలో
రెండు వందల పన్నెండు పోలింగ్ కేంద్రాలు.
నేను ప్రమాణం చేసేనాటికి రెండు వందల తొమ్మిది.
మూడింటిని బ్రహ్మపుత్ర పట్టుకుపోయింది.
ఓటేసిన బడి లేదు. వేసినవాళ్ళు
కట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నారు.
నేనిప్పుడు ఏ ఊరికి ప్రతినిధిని?"
సభ నవ్వింది.
"నవ్వులు" అని రాసుకున్నాను.
అది నా ఉద్యోగం.

తర్వాత పార్టీ మారాడు. ఆ తర్వాత మళ్ళీ.
గాలివాటం మనిషని పత్రికలు రాశాయి.
ఇసుకదిబ్బ మీద పుట్టినవాణ్ణి
ఒకచోట నిలబడమని ఎలా అడుగుతాం?
అలాగని వెనకేసుకురాను -
మూడో పార్టీలో చేరిన ఏడాదే
గువాహటిలో మూడంతస్తుల ఇల్లు లేచింది,
ఏ వరదా అందుకోలేని గుట్ట మీద.
సభలో ఎవరో నిలదీస్తే ఆయన అన్నమాట
నా చేత్తోనే రాశాను,
అధ్యక్షులు తీసేయమంటే నా చేత్తోనే కొట్టేశాను.
బూతేమీ కాదు.
"అవును, భయపడ్డాను" అన్నాడు.
అంతే.

మంత్రయ్యాక కరకట్ట ఫైలు ఆయన బల్ల మీదికే వచ్చింది.
తొమ్మిది కిలోమీటర్లు, ఇసుక సంచులు, బండరాళ్ళు.
సంతకం పెట్టేటప్పుడు తల్లి గుర్తొచ్చిందో
ఎదుట కూచున్న కాంట్రాక్టరే కనిపించాడో,
నేనక్కడ లేను.
ఆషాఢం నీళ్ళొచ్చి
కాగితాన్నీ కట్టనీ విడదీసి చూపించాయి.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు ఈ సభ నిండా ఉన్నారు.
ఈయన ఏరు దాటనేలేదు.
నడి నీళ్ళలో, తెప్ప మీదే నిలబడి,
ఒడ్డు చేరామని ఉపన్యాసమిచ్చాడు.

ఆ ఏడో నెలలో, ప్రశ్నోత్తరాల వేళ,
కోతకు పోయిన గ్రామాలెన్నని ప్రతిపక్షం కుర్రాడు అడిగాడు.
చేతిలోని జవాబులో పదిహేడు అని ఉంది.
ఆయన పద్దెనిమిది అని చదివాడు.
అధికారి చీటీ పంపాడు.
చీటీ చూసుకుని, మళ్ళీ పద్దెనిమిదే అన్నాడు.
ఆ తెల్లవారుజామున
కర్రకాళ్ళ ఇళ్ళు ఒక్కోటీ మోకాళ్ళ మీద కూలాయని,
వాళ్ళమ్మతో పాటు మగ్గం ఒక్కటే పడవెక్కిందని
సభలో ఎవరికీ ఇంకా తెలీదు.
అచ్చయిన ప్రతిలో పదిహేడే ఉంటుంది, చూసుకోండి.

ఆపైన రెండుసార్లు ఓడిపోయాడు,
రెండోసారి డిపాజిట్టూ పోయింది.
ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో కనిపించాడు,
చెప్పులు కుర్చీ కింద విప్పి, టీలో బిస్కెట్ ముంచుతూ.
"నావి కొట్టేసినవన్నీ ఎక్కడుంటాయమ్మా?"
అయిదేళ్ళకోసారి నోటుబుక్కులు కాల్చేస్తారని చెప్పాను.
ఒకటి మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉందని
చెప్పలేదు.
బిస్కెట్ విరిగి టీలో పడింది.
చెంచా కోసం ఆయన అటూ ఇటూ చూశాడు.

ఊరి పేరు కింద ఎర్రగీత ఇంకా పోలేదు.
పక్క ఊరి పేరు పెట్టెయ్యండి మేడం,
ఏం మునిగిపోయింది ఇప్పుడు, అన్నాడు గుమాస్తా.

నేను చెరిపి, మళ్ళీ మొదటి అక్షరం నుంచి కొడుతున్నాను:
కొ
హు
వా